శీతకాలపు సాధనలో విశ్రాంతి స్థానం

ప్రాచీన గ్రీసు దేశంలో ఏథెన్సు నగరం నుండి ఎల్యూసిస్‌కు పోయే బాటకు కుడి వైపున ఒక మల్లుని సమాధి ఉండేదట. అతని పేరు గెరెనస్. ఒలింపియాలో గెలిచి వచ్చి, మిత్రులతో విందులు చేసికొని, నిద్ర చాలక, మరునాడు తాలింఖానాకు వెళ్ళినాడు. తిన్నది అరగలేదనీ, ఒంట్లో బాగుండలేదనీ వస్తాదుకు చెప్పుకొన్నాడు. వస్తాదుకు కోపం వచ్చినది. ఆనాటి కార్యక్రమం ఆనాడు జరిగి తీరవలసిందేనని పట్టుపట్టి వ్యాయామం చేయించినాడు. దానితో గెరెనస్ ప్రాణం పోయినది. క్రీ. శ. 3వ శతాబ్దిలో ఫిలోస్ట్రాటస్ అనే రచయిత, వ్యాయామ విద్యను గురించి తాను వ్రాసిన గ్రంథంలో ఈ కథను ఒక హెచ్చరికగా చెప్పినాడు.

ఆ వస్తాదు అనుసరించినది నాలుగు రోజుల క్రమం. మొదటి రోజు తేలికైన, చురుకైన కదలికలతో శరీరాన్ని సిద్ధం చేస్తారు. రెండవ రోజు శక్తి కొలదీ శ్రమ. మూడవ రోజు విశ్రాంతి. నాలుగవ రోజు మధ్యరకం వ్యాయామం. మరల మొదటికి వస్తారు. ఈ పద్ధతిలో విశ్రాంతికి చోటు లేకపోలేదు. కాని ఆ చోటును నిర్ణయించినది రోజుల లెక్క. ఎదుట నిలిచిన మనిషి చెప్పిన మాటకు విలువ లేకపోయినది.

పరుగు పందెగాడైనా, సైకిలు తొక్కేవాడైనా ఎంత శ్రమించవలెను, ఎప్పుడు ఆగవలెను అనే ప్రశ్న అప్పటినుండి వస్తూనే ఉన్నది. ఉత్తర దేశాలలో ఈ ప్రశ్న చలికాలంలో మరింత తీవ్రమవుతుంది. పందేలు వేసవిలో జరుగుతాయి; వాటికి కావలసిన బలాన్ని మాత్రం మంచు కురిసే నెలలలోనే కూడబెట్టుకోవలెను. పగలు చిన్నది. ఉద్యోగం చేసుకొనేవానికి తెల్లవారక ముందో, చీకటి పడిన తరువాతో తప్ప తీరిక దొరకదు. జలుబు, దగ్గు ఇంటింటా ఉంటాయి. సాధన, జీవనోపాధి, నిద్ర - ఈ మూడింటికి ఒకే రోజులో చోటు కల్పించడం ఎట్లో నేర్చుకొనడానికి చాలకాలం పట్టినది.

సగం శక్తి

మన దేశపు వైద్యశాస్త్రం ఈ విషయంలో ఒక కొలతను సూచించినది. సుమారు 7వ శతాబ్దికి చెందిన వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యను వివరిస్తూ, బలవంతులై నేయి మొదలైన స్నిగ్ధ పదార్థాలు భుజించేవారు శీతకాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకు వ్యాయామం చేయవచ్చుననీ, తక్కిన కాలాలలో ఇంకా స్వల్పంగా చేయవలెననీ చెప్పినాడు. వ్యాయామం మితిమీరితే దప్పిక, శరీరం క్షీణించడం, ఆయాసం, దగ్గు, జ్వరం వంటివి కలుగుతాయని కూడ హెచ్చరించినాడు.

సగం శక్తి ఖర్చయినదని తెలిసేదెట్లు? సుశ్రుత సంహిత ఒక గుర్తు చెప్పుతున్నది. హృదయస్థానంలోని వాయువు నోటికి వచ్చినప్పుడు, అనగా ముక్కుతో పీల్చే ఊపిరి చాలక నోరు తెరవవలసి వచ్చినప్పుడు, సగం శక్తి అయినట్లు లెక్క. నేటి శిక్షకులు ఇటువంటి పరీక్షనే మరొక విధంగా చేస్తారు. పరుగెత్తుతూ పక్కవానితో తడబడకుండా మాటాడగలిగితే వేగం మితంగా ఉన్నట్లు. మాట మధ్యలో తెగిపోతూ ఉంటే వేగం హెచ్చినట్లు. రెండు పరీక్షలూ ఊపిరినే ఆధారం చేసుకొన్నవి.

ఆరు రోజుల సైకిలు పందేలు

19వ శతాబ్ది చివర సైకిలు వాడుకలోకి వచ్చినప్పుడు ఈ మితం పూర్తిగా మరపునబడినది. చలికాలంలో రోడ్ల మీద పందేలు సాగవు గనుక, పెద్ద భవనాలలో కప్పు కింద కొయ్య బాటలు పరచి ఆరు రోజుల పందేలు నడిపేవారు. న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1891 నుండి ఇవి జరిగినవి. ఆరు దినాలలో ఎవడు ఎక్కువ దూరం తొక్కితే వాడు గెలిచినట్లు. నిద్రపోయిన ప్రతి గంటా ఓటమికి దారి కనుక, పోటీదారులు నిద్ర మానుకొని తొక్కేవారు. నాలుగవ రోజు, అయిదవ రోజు వచ్చేసరికి వారికి మతి చలించేది. లేని మనుషులు కనబడేవారు. ప్రేక్షకులు టిక్కెట్టు కొని ఈ యాతనను చూచేవారు. 1897 డిసెంబరులో చార్లెస్ మిల్లర్ అనే అతడు 2,093 మైళ్ళు తొక్కి గెలిచినాడు.

పత్రికలు ఈ క్రూరత్వాన్ని ఖండించినవి. 1898లో న్యూయార్కు రాష్ట్రం ఒక శాసనం చేసి, ఏ పోటీదారూ రోజుకు 12 గంటలకు మించి తొక్కరాదని నిర్ణయించినది. పందేల నిర్వాహకులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టినారు. ఇద్దరిని జంటగా చేర్చి, ఒకడు తొక్కుతూ ఉంటే రెండవవాడు విశ్రమించేటట్లు ఏర్పాటు చేసినారు. 1899లో జరిగిన ఇటువంటి పోటీలో మిల్లర్, వాలర్ అనే జంట 2,700 మైళ్ళకు పైగా సాగినది. ఇంతకు ముందు ఒక్కడు పడిన శ్రమ ఇప్పుడు ఇద్దరికి పంచబడినది. ఆ జంట పందేలకు నేటికీ మాడిసన్ అనే పేరే ఉన్నది. క్రీడాకారుని విశ్రాంతిని చట్టం చేత కాపాడవలసి వచ్చిన సందర్భం చరిత్రలో ఇది ఒకటి.

ఐరోపాలో సైకిలు పోటీదారులు శీతకాలానికి ఇంకొక మార్గం వెదికినారు. బురద పొలాలలో, అడవి దారులలో సైకిలు తొక్కుతూ, తొక్కడానికి వీలులేని చోట దానిని భుజాన వేసికొని పరుగెత్తే పందేలు ఫ్రాన్సులో మొదలైనవి. 1902లో అక్కడ మొదటి జాతీయ పోటీ, 1950లో పారిస్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగినవి. పరుగు, సైకిలు రెండూ ఇందులో కలిసినవి. పందెం ఒక గంట ప్రాంతంలో ముగుస్తుంది. ఒళ్ళు వేడెక్కుతుంది, కాళ్ళలో చురుకు నిలుస్తుంది. వేసవిలోవలె రోజుల తరబడి అలసట మిగలదు.

మంచులో నడక, మంచులో పరుగు

పరుగు పందేలలో శీతకాలపు సాధనకు పేరు తెచ్చినవారు ఫిన్‌లాండు, స్వీడను దేశాలవారు. ఫిన్‌లాండులోని టుర్కు నగరంలో 1897లో పుట్టిన పావో నుర్మి చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, ఒక రొట్టెల దుకాణంలో బండి తోసే పనికి కుదిరినాడు. ఎత్తు దారుల మీద బరువైన బండిని తోయడం వల్ల కాళ్ళకు బలం కలిగినది. తొలి రోజులలో అతని శీతకాలపు సాధనలో ఎక్కువ భాగం సుదీర్ఘమైన నడక. 1920 నుండి 1928 వరకు మూడు ఒలింపిక్ క్రీడలలో అతడు 9 బంగారు పతకాలు, 3 వెండి పతకాలు గెలిచినాడు.

స్వీడనులో గోస్టా హోమర్ అనే శిక్షకుడు 1930 తరువాత ఒక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టినాడు. దానికి ఫార్ట్‌లెక్ అని పేరు. వేగంతో ఆట అని దాని అర్థం. అడవి దారిలో పరుగెత్తేవాడు ఒకచోట వేగంగా, ఒకచోట మెల్లగా, ఒళ్ళు ఎట్లా చెప్పుతే అట్లా సాగిపోతాడు. గెరెనస్ వస్తాదు వినని మాటను ఈ పద్ధతి ప్రధానం చేసినది. గుండెర్ హేగ్ అనే స్వీడను యువకుడు అడవులలో, లోతైన మంచులో సాధన చేసి, 1942 జూలై నుండి సెప్టెంబరు వరకు 82 రోజులలో 10 ప్రపంచ రికార్డులు నెలకొల్పినాడు. అతడు అప్పుడు అగ్నిమాపక దళంలో ఉద్యోగి.

విరామమే సాధన

జర్మనీలో ఈ విషయం ప్రయోగశాలకు చేరినది. వోల్డెమార్ గెర్ష్‌లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైండెల్ అనే హృద్రోగ వైద్యుడు ఫ్రైబుర్గులో కలిసి పనిచేసి, నాడిని బట్టి సాధనను నడిపే పద్ధతిని రూపొందించినారు. 100 లేక 200 మీటర్లు వేగంగా పరుగెత్తినప్పుడు నాడి నిమిషానికి 180 వరకు పోతుంది. తరువాత మెల్లగా కదులుతూ ఆగవలెను. ఒకటిన్నర నిమిషంలో నాడి 120 ప్రాంతానికి దిగితే మరల పరుగెత్తవచ్చును. దిగకపోతే ఆ పరుగు వానికి మించినదన్నమాట.

ఈ పద్ధతికి ఇంటర్వల్ సాధన అని పేరు. ఇంటర్వల్ అంటే పరుగు కాదు. రెండు పరుగుల నడుమ ఉండే విరామం. గుండెకు మేలు జరిగేది ఆ విరామంలోనే అని వారి అభిప్రాయం. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్ నగరంలో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తినాడు. ఆ రికార్డు 1955 వరకు నిలిచినది.

చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ ఈ మార్గాన్ని తన ఇష్టానుసారం మలచుకొన్నాడు. మొదట పాదరక్షల కర్మాగారంలో కార్మికుడు, తరువాత సైనికుడు. మంచులో సైనికుల బూట్లు తొడుక్కొని పరుగెత్తేవాడు. తొట్టిలో నానవేసిన బట్టల మీద నిలబడి పరుగెత్తుతూ, ఉతుకూ సాధనా ఒక్కసారే ముగించేవాడని చెప్పుకొంటారు. 1950 వేసవిలో అతడు విషాహారం వల్ల జబ్బుపడి ఆసుపత్రిలో చేరినాడు. ఐరోపా పోటీలు దగ్గరపడినప్పుడు బయటకు వచ్చి, బ్రస్సెల్సులో 5,000, 10,000 మీటర్ల పందేలు రెండూ గెలిచినాడు. ఆసుపత్రి పడకే అతనికి అవసరమైన విశ్రాంతి ఇచ్చినదని తరువాతివారు వ్యాఖ్యానించినారు. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఆ రెండింటితోపాటు మారథాన్ కూడ గెలిచినాడు.

ఒక వైద్య విద్యార్థి శీతకాలం

సాధనను, చదువును, విశ్రాంతిని ఒకచోట చేర్చిన ఉదాహరణలలో రోజర్ బానిస్టర్ ఉదంతం ప్రసిద్ధమైనది. అతడు లండనులోని సెంట్ మేరీ ఆసుపత్రిలో వైద్య విద్యార్థి. మధ్యాహ్నం దొరికే అరగంట తీరికలోనే చాలవరకు సాధన చేసేవాడు. మైలు దూరాన్ని 4 నిమిషాలలోపు పరుగెత్తడం అతని లక్ష్యం.

1953 డిసెంబరులో అతడు ఒక క్రమం మొదలుపెట్టినాడు. 440 గజాల పరుగు పదిసార్లు. నడుమ రెండేసి నిమిషాల విరామం. ఒక్కొక్క పరుగుకు మొదట 66 సెకన్లు పట్టినది. శీతకాలం గడిచేకొద్దీ ఆ కాలం తగ్గుతూ వచ్చి, ఏప్రిలు నాటికి 61 సెకన్లకు చేరినది. అక్కడ ఆగిపోయినది. 4 నిమిషాలకు లోపు రావలెనంటే 60 సెకన్లు దాటరాదు. ఎంత ప్రయత్నించినా ఆ ఒక్క సెకను తగ్గలేదు.

అప్పుడు బానిస్టర్ సాధన ఆపి, మిత్రుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండు కొండలు ఎక్కడానికి వెళ్ళినాడు. మూడు నాలుగు రోజులు పరుగు మాట లేదు. తిరిగి వచ్చి పరుగెత్తి చూస్తే ఒక్కొక్కసారికి 59 సెకన్లే పట్టినది. పందెానికి ముందు చివరి అయిదు రోజులూ పూర్తిగా విశ్రమించినాడు. 1954 మే 6వ తేదీ ఉదయం ఆసుపత్రిలో పనిచేసి, రైలెక్కి ఆక్స్‌ఫర్డు చేరి, ఆ సాయంకాలం ఇఫ్లీ రోడ్డు మైదానంలో మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పూర్తిచేసినాడు. అంతకు ముందు అంత వేగంగా మైలు పరుగెత్తినవాడు లేడు. ఏప్రిలులో అడ్డుపడినది బలహీనత కాదు, పేరుకొన్న అలసట. శీతకాలమంతా సంపాదించిన బలం దాని కింద దాగి ఉన్నది.

న్యూజీలాండు నుండి సామాన్యుని వరకు

ఇదే కాలంలో న్యూజీలాండులోని ఆక్లండు నగరంలో ఆర్థర్ లిడియార్డ్ అనే చెప్పుల కర్మాగారపు పనివాడు, తెల్లవారుజామున పాలు పంచే పని కూడ చేస్తూ, తన శరీరం మీదనే ప్రయోగాలు జరిపినాడు. వారానికి ఎన్ని మైళ్ళు, ఎంత వేగంతో పరుగెత్తితే మేలో, ఎక్కడ కీడు మొదలవుతుందో ఏళ్ళ తరబడి పరీక్షించి, వారానికి సుమారు 100 మైళ్ళు, ఆయాసపడని వేగంతో, చలి నెలలలో పరుగెత్తడం పునాది అని తేల్చినాడు. వేగపు పరుగులు తరువాత. శ్రమించండి గాని ఒళ్ళు విరుచుకోవద్దు అనేది అతని బోధ. 1960 సెప్టెంబరు 2న రోము ఒలింపిక్ క్రీడలలో అతని శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మరే హాల్‌బెర్గ్ 5,000 మీటర్లలోను ఒక గంట వ్యవధిలో బంగారు పతకాలు గెలిచినారు.

లిడియార్డ్ పద్ధతిని చూచి వెళ్ళిన అమెరికను శిక్షకుడు బిల్ బవర్‌మన్ ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో ఒక నియమాన్ని గట్టిగా అమలుజరిపినాడు: కష్టమైన రోజు తరువాత తేలికైన రోజు రావలెను. తేలిక రోజున దొంగచాటుగా ఎక్కువ పరుగెత్తే శిష్యులను ఆయన మందలించేవాడు. ఆక్లండులో మధ్యవయస్కులైన గృహస్థులు మెల్లగా పరుగెత్తడం చూచి, ఆ అలవాటును తన దేశంలో ప్రచారం చేసినవాడు కూడ ఆయనే.

శరీరంలో జరిగేదేమి?

శిక్షకులు అనుభవంతో గ్రహించినదానికి శాస్త్రజ్ఞులు కారణాలు వెదికినారు. 1936లో మాంట్రియల్ నగరంలోని హాన్స్ సెల్యే, చలి, గాయం, మితిమీరిన కండరశ్రమ వంటి భిన్నమైన బాధలకు శరీరం ఒకే విధంగా ప్రతిస్పందిస్తుందని ప్రకటించినాడు. మొదట కలవరం, తరువాత ప్రతిఘటన, బాధ ఎడతెగక సాగితే చివరకు కుంగిపోవడం. దీని వల్ల ఒక సంగతి స్పష్టమవుతున్నది. ఉదయపు పరుగు, కార్యాలయంలోని ఒత్తిడి, రాత్రి మేలుకొని బిడ్డను చూచుకొనడం - ఇవన్నీ ఒకే శరీరం మోయవలసిన బరువులు. సాధన లెక్కలో పరుగును మాత్రమే వ్రాసికొని తక్కినవి వదలివేస్తే లెక్క తప్పుతుంది.

1966లో స్వీడను శాస్త్రజ్ఞులు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఒక చక్కని ప్రయోగం చేసినారు. కదలకుండా నిలిపిన సైకిలుకు ఇద్దరూ చెరొక పక్క కూర్చుండి, ఒక్కొక్క కాలితోనే తొక్కినారు. ఒకరి కుడి కాలు, ఇంకొకరి ఎడమ కాలు అలసిపోయినవి. రెండవ కాళ్ళు విశ్రాంతిగా ఉన్నవి. కండరాలలో చక్కెరను నిలువచేసే గ్లైకోజెన్ అనే పదార్థం శ్రమపడిన కాలిలో దాదాపు అడుగంటినది. తరువాత మూడు రోజులు విశ్రమించి, పిండి పదార్థాలు విరివిగా తిన్నారు. సన్నని సూదితో కండరపు ముక్కలు తీసి పరీక్షించగా, శ్రమపడిన కాలిలో గ్లైకోజెన్ రెండవ కాలిలోకంటె సుమారు రెట్టింపు చేరినది. రక్తం ఒకటే, తిండి ఒకటే. శ్రమ ఆ కండరానికి క్రొత్త సామర్థ్యాన్ని ఇచ్చినది. దానిని నింపినవి మాత్రం విశ్రాంతి, ఆహారం. ఖాళీ అయిన గాదెను పూరించకుండ మరునాడూ తవ్వేవానికి మిగిలేది అడుగు మట్టి.

నిద్ర సంగతి 1968లో బయటపడినది. నిద్రపట్టిన కొద్ది సేపటికి గాఢనిద్ర వచ్చే వేళ, కణజాలాల పెరుగుదలకు తోడ్పడే ఒక హార్మోను రక్తంలో అధికంగా విడుదల అవుతుందని అమెరికాలో కనుగొన్నారు. సాధన కోసం నిద్రను కోసుకొనేవాడు ఒక చేత సంపాదించినది ఇంకొక చేత పోగొట్టుకొంటున్నాడన్నమాట.

విశ్రాంతి ఎక్కువైతే?

అట్లని పడుకొని ఉండడం మేలు కాదు. 1966లో అమెరికాలోని డాలస్ నగరంలో 20 ఏళ్ళ యువకులు అయిదుగురిని మూడు వారాలపాటు పడక మీదనే ఉంచినారు. శరీరం ఒక నిమిషంలో గరిష్ఠంగా వినియోగించుకోగల ప్రాణవాయువు నాలుగవ వంతుకు పైగా తగ్గిపోయినది. తరువాత సుమారు రెండు నెలల సాధనతో అది తిరిగి వచ్చినది. 30 ఏళ్ళ తరువాత ఆ అయిదుగురినే మరల పరీక్షించినారు. అన్ని సంవత్సరాల వయస్సు చేసిన హానికంటె ఆనాటి మూడు వారాల పడక చేసిన హానే హెచ్చని తేలినది.

మరి పని ఒత్తిడి పెరిగిన వారాలలో ఏమి చేయవలెను? 1981లో చికాగోలో హిక్సన్ బృందం ప్రకటించిన ఫలితాలు దీనికి సమాధానం ఇస్తున్నవి. కొందరు పది వారాలపాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున, ఒకనాడు సైకిలు, ఒకనాడు పరుగు సాధన చేసినారు. తరువాత వారిలో కొందరు వారానికి రెండు రోజులకే తగ్గించినారు; కాని ఆ రెండు రోజులలో తీవ్రతను తగ్గించలేదు. 15 వారాలు గడిచినా గరిష్ఠ ప్రాణవాయు వినియోగం చెక్కుచెదరలేదు. బలం కూడబెట్టడానికి శ్రమ ఎక్కువ కావలెను. కూడబెట్టినదానిని నిలుపుకొనడానికి తక్కువ చాలును.

జ్వరం హెచ్చరిక

విశ్రాంతి ఎంత అవసరమో తెలిపే విషాద ఉదాహరణ స్వీడనులో జరిగినది. పటం, దిక్సూచి చేతబట్టి అడవులలో దారి వెదుక్కొంటూ పరుగెత్తే పందెం ఆ దేశంలో చాల ప్రియమైనది. 1979 నుండి 1992 వరకు ఈ క్రీడలో ఆరితేరిన యువజనులు 16 మంది ఆకస్మికంగా మరణించినారు. పరీక్షించగా, వారిలో చాలమందికి గుండె కండరం వాచి ఉన్నట్లు తేలినది. శరీరంలో చేరిన సూక్ష్మజీవులతో పోరాడుతూ ఉన్న గుండెకు తీవ్రశ్రమ తోడైతే ప్రమాదమని వైద్యులు భావించినారు. 1992 చివర ఆ క్రీడా సంఘం అగ్రశ్రేణి పోటీదారుల పోటీలను ఆరు నెలలు నిలిపివేసి, సాధన అలవాట్లను మార్చుకోవలసిందిగా కోరినది. తరువాతి మూడు సంవత్సరాలకు పైగా ఆ యువజనులలో అటువంటి మరణం కనబడలేదు. ఆ మార్పే పూర్తి కారణమని రుజువు చేయడం కష్టమైనా, జ్వరంతోనూ ఒళ్ళు నొప్పులతోనూ ఉన్నప్పుడు పరుగెత్తరాదనే నియమం నాటినుండి గట్టిపడినది.

ప్రాణాపాయం లేని చోట కూడ ఈ సంబంధం కనబడుతుంది. 1982లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో 56 కిలోమీటర్ల పరుగు ముగిసిన రెండు వారాలలో, పరుగెత్తినవారిలో మూడవ వంతుమందికి జలుబు, గొంతు నొప్పి వచ్చినవి. పరుగెత్తనివారిలో అవి వచ్చినది సుమారు ఏడవ వంతుమందికే.

ఇన్ని శతాబ్దుల అనుభవంలోనుండి తేలిన నియమాలు కొద్దివే, సులభమైనవే. చలికాలపు పరుగులో ఎక్కువ భాగం మాటాడగలిగే వేగంతో సాగవలెను. కష్టమైన దినం తరువాత తేలికైన దినం ఉండవలెను. ఉదయం లేవగానే నాడి చూచుకొని, అది అలవాటుకంటె హెచ్చుగా కొన్ని రోజులు వరుసగా ఉంటే, లేక తేలిక పరుగు కూడ బరువనిపిస్తే, ఆగవలెను. ఇంటి పని, ఉద్యోగం హెచ్చిన వారంలో సాధనను రెండు రోజులకు తగ్గించినా నష్టం లేదు. జ్వరం ఉన్ననాడు బూట్లు తొడగరాదు. నిద్రను మాత్రం దేనికోసమూ తగ్గించరాదు. పరుగు పందెగానికి, సైకిలు తొక్కేవానికి నిద్రాసమయం కూడ సాధన సమయమే.